నూరు శాతం కాలేజీ సీట్లు: లవం సరే, హారం ఏది?

[తెరపై: ఒక హైస్కూల్ నడవా. రెండు గోడల నిండా త్రికోణపు కాలేజీ జెండాలు. చివర ఒక బ్యానరు: "మా విద్యార్థులందరికీ కాలేజీ సీట్లు".]

వ్యాఖ్యానం: అమెరికాలో చార్టర్ హైస్కూల్‌ను చూడడానికి వెళ్లిన తల్లిదండ్రులు ల్యాబ్ కంటే ముందు ఇలాంటి గోడను చూస్తారు. కాలేజీలకు తమ నిర్ణయం తెలియజేయడానికి సాధారణంగా గడువుగా ఉండే మే 1న, పన్నెండో తరగతి పిల్లలు తాము చేరబోయే కాలేజీ పేరున్న టీషర్టులు వేసుకుని దీని ముందే ఫొటోలు దిగుతారు. తెలుగు కుటుంబాలకు ఈ దృశ్యం కొత్తది కాదు. ఎంసెట్ ఫలితాలు వచ్చిన మర్నాడు పత్రిక మొదటి పేజీ నిండా కళాశాలల ప్రకటనల్లో పిల్లల ఫొటోలు, వాటి కింద ఒకటి, రెండు, మూడు అంటూ ర్యాంకులు చూస్తూ పెరిగిన తరమే ఇప్పుడు డాలస్‌లోనూ ఫీనిక్స్‌లోనూ బే ఏరియాలోనూ పిల్లలకు బడి వెతుకుతోంది. ఆ కళాశాలల్లో మొత్తం ఎంతమంది పరీక్ష రాశారన్నది ఆ ప్రకటనల్లో వెతికినా దొరికేది కాదు. భిన్నాల పాఠంలో గీతకు పైనున్నది లవమనీ, కిందనున్నది హారమనీ చదువుకున్నాం. ఈ గోడ మీద ఉన్నదంతా లవమే.

[తెరపై: 1991, మిన్నెసోటా. 1992, సెయింట్ పాల్.]

చార్టర్ స్కూల్ ప్రైవేటు బడి కాదు. ఫీజు ఉండదు, ప్రవేశ పరీక్ష ఉండదు, నడిచేది ప్రభుత్వ సొమ్ముతోనే. అయితే జిల్లా విద్యాశాఖ నేరుగా కాక, ఒక స్వతంత్ర బోర్డు ఒప్పందం ప్రకారం నడుపుతుంది. ఇందుకు తొలి చట్టం 1991లో మిన్నెసోటాలో వచ్చింది, తొలి బడి మరుసటి ఏడాది సెయింట్ పాల్‌లో తెరుచుకుంది. సీట్లకు మించి దరఖాస్తులు వస్తే సాధారణంగా లాటరీ తీస్తారు. ఫలితాలు చూపించకపోతే ఒప్పందం పునరుద్ధరణ కాదు కనుక, కాలేజీ ప్రవేశాల సంఖ్య ఆ బడికి ప్రచారం మాత్రమే కాదు, ఒక రకంగా ప్రాణాధారం కూడా.

[తెరపై: 73. కింద నెమ్మదిగా 16.]

న్యూయార్క్‌లోని సక్సెస్ అకాడమీ 2006లో హార్లెంలో మొదలైంది. ఆ ఏడాది ఒకటో తరగతిలో 73 మంది పిల్లలున్నారు. 2018లో ఆ సంస్థ నుంచి తొలి హైస్కూల్ బ్యాచ్ బయటికి వచ్చినప్పుడు పట్టా పుచ్చుకున్నవారు 16 మంది. వారందరికీ కాలేజీ సీట్లు వచ్చాయి కాబట్టి నూరు శాతం అన్న మాటలో అబద్ధం లేదు. మిగిలినవారంతా చదువు మానేశారని అనుకోవడమూ తప్పే, ఎందుకంటే పన్నెండేళ్లలో కుటుంబాలు ఊరు మారతాయి, నచ్చక బడి మారుస్తాయి. కానీ ఆ సంస్థ నాలుగో తరగతి దాటాక కొత్త పిల్లలను చేర్చుకోలేదు. జిల్లా బడి మాత్రం జనవరి నెలలో సామాను సర్దుకుని ఊళ్లోకి దిగిన కుటుంబంలోని పిల్లవాణ్ని కూడా కాదనకుండా చేర్చుకోవాలి. ఖాళీ అయిన కుర్చీని ఖాళీగానే ఉంచే బడినీ, ప్రతి కుర్చీనీ నింపక తప్పని బడినీ ఒకే శాతంతో పోల్చడం న్యాయం కాదు.

గ్రాడ్యుయేషన్ రేటు, అంటే పట్టా పొందినవారి శాతం, చూస్తే ఈ సంగతి బయటపడుతుందని అనుకుంటాం, కానీ పడదు. 2008 నాటి ఫెడరల్ నిబంధన ప్రకారం లెక్కగట్టే నాలుగేళ్ల రేటులో, పట్టా ఇచ్చే మరో బడికి మారిన విద్యార్థిని పాత బడి హారంలోంచి తీసేస్తారు. తొమ్మిదో తరగతిలో వంద మంది చేరి, నలభై మంది పక్క బడికి వెళ్లిపోయి, మిగిలిన అరవై మందీ పట్టా పొందారనుకోండి. ఆ బడి రేటు అక్షరాలా నూరు శాతం. ఇందులో మోసమేమీ లేదు, సూత్రమే అలా ఉంది.

[తెరపై: తరగతుల వారీ విద్యార్థుల సంఖ్య ఉన్న పట్టిక. ఒక వేలు ఎడమ పైనుంచి కుడి కిందికి ఏటవాలుగా జరుగుతుంది.]

అందుకే రాష్ట్ర విద్యాశాఖ ఏటా ప్రకటించే తరగతుల వారీ పట్టికను అడ్డంగానో నిలువుగానో కాకుండా ఐమూలగా చదవాలి. 2021–22లో తొమ్మిదో తరగతి, 2022–23లో పదో తరగతి, ఆ మరుసటి ఏడాది పదకొండు, 2024–25లో పన్నెండు. ఈ నాలుగు గళ్లలోనూ ఉన్నది ఇంచుమించు ఒకే బ్యాచ్. మధ్యలో చేరేవారు కూడా ఉంటారు కనుక, వెళ్లిపోయినవారి సంఖ్య ఇక్కడ కనిపించే తగ్గుదల కంటే ఎక్కువే కావచ్చు. పది నిమిషాల పని.

ఇప్పుడు లవం సంగతి. "సీటు వచ్చింది" అనడానికీ "చేరారు" అనడానికీ మధ్య ఒక వేసవి ఉంటుంది. రెండేళ్ల చదువుండే కమ్యూనిటీ కాలేజీల్లో హైస్కూల్ పట్టా ఉంటే సాధారణంగా సీటు ఖాయం. నాలుగేళ్ల కాలేజీల్లో కూడా చాలావరకు దరఖాస్తు చేసినవారిలో ఎక్కువమందినే తీసుకుంటాయి. టెక్సాస్‌లో కొన్ని చార్టర్ సంస్థలైతే నాలుగేళ్ల కాలేజీలో సీటు వస్తేనే పట్టా అని నియమం పెట్టుకున్నాయి. అలాంటి చోట నూరు శాతం అన్న అంకె ఆ నియమం అమలైందని చెబుతుంది, అంతకు మించి చెప్పదు. ఇక "మా పిల్లలకు 120 కాలేజీల నుంచి పిలుపు" అన్న తరహా ప్రకటనలో, ఒక్క అమ్మాయికే పద్నాలుగు కాలేజీల్లో సీటు వచ్చి ఉండవచ్చు. కోట్ల డాలర్ల స్కాలర్‌షిప్‌లు అన్నప్పుడు, ఆ అమ్మాయి వదులుకున్న పదమూడు కాలేజీల డబ్బు కూడా ఆ మొత్తంలో చేరి ఉండవచ్చు.

[తెరపై: 33 శాతం.]

ఈ విషయంలో హారాన్ని నిజాయతీగా పెట్టుకున్న ఉదాహరణ కూడా చార్టర్ల లోంచే వచ్చింది. 1994లో హ్యూస్టన్‌లో మొదలైన కిప్ సంస్థ, 2011లో తన పాత విద్యార్థుల మీద ఒక నివేదిక ప్రచురించింది. హైస్కూల్ పూర్తిచేసినవారిని కాకుండా, పదేళ్లు లేదా అంతకంటే ముందు తమ దగ్గర ఎనిమిదో తరగతి ముగించిన ప్రతి ఒక్కరినీ లెక్కలోకి తీసుకుంది. వారిలో నాలుగేళ్ల డిగ్రీ పూర్తిచేసినవారు 33 శాతం. కాలేజీలో అడుగుపెట్టినవారు అంతకు రెండింతలకు పైనే. 75 శాతం లక్ష్యంగా పెట్టుకున్న సంస్థకు ఇది చేదు మాట. అయినా అదే వయసు పేద కుటుంబాల పిల్లల్లో దేశం మొత్తం మీద డిగ్రీ దాకా వచ్చేవారు 8 శాతం దగ్గరే ఉన్నారని పక్కన పెట్టి చూస్తే, అదే 33 మరోలా కనిపిస్తుంది. నా దృష్టిలో ఎన్నో నూరు శాతాల బ్యానర్ల కంటే ఈ 33 విలువైనది.

అయితే పిల్లలు బాగా చదవడం బడి గొప్పతనమా, ఆ బడిని వెతుక్కుని వచ్చిన తల్లిదండ్రుల పట్టుదలా? దీన్ని విడదీయడానికి లాటరీయే అక్కరకొచ్చింది. చీటీ తగిలిన పిల్లవాడూ తగలని పిల్లవాడూ ఇద్దరూ దరఖాస్తు పెట్టినవారే, ఇద్దరి ఇళ్లలోనూ ఆ పట్టుదల ఉన్నదే, తేడా అదృష్టంలోనే. బోస్టన్ చార్టర్ హైస్కూళ్ల మీద, తరవాత 2021లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జాషువా ఆంగ్రిస్ట్, ఆయన సహచరులు ఇలాగే పోల్చి చూశారు. కాలేజీ ప్రవేశాల కోసం రాసే శాట్ పరీక్షలో మార్కులు, ముఖ్యంగా లెక్కల్లో, బాగా పెరిగాయి. రెండేళ్ల కాలేజీలకు వెళ్లవలసినవారు నాలుగేళ్ల కాలేజీల వైపు మళ్లారు. కానీ మొత్తంగా కాలేజీకి వెళ్లినవారి శాతంలో పెద్ద మార్పు కనబడలేదు. "ఎంతమంది కాలేజీకి వెళ్లారు" అన్న ఒక్క ప్రశ్నతో చూసి ఉంటే, ఆ బడులు చేసిన మేలు కంటపడేది కాదన్నమాట. ముతక కొలత చెడ్డ బడిని దాచినట్టే మంచి బడినీ దాచగలదు.

[తెరపై: టెక్సాస్ పటం. ఆస్టిన్ దగ్గర ఒక చుక్క.]

డాలస్ పరిసరాల్లోని మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. టెక్సాస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం తరగతిలో మొదటి పది శాతంలో నిలిచిన విద్యార్థికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం దొరుకుతుంది. టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆస్టిన్ క్యాంపస్ మాత్రం ఆ గీతను 6 శాతానికి, 2026 ప్రవేశాలకు 5 శాతానికి బిగించింది. ఆ ర్యాంకు సొంత బడిలోని తోటి పిల్లల మధ్య లెక్క. ఎనభై మంది ఉన్న తరగతిలో 5 శాతమంటే నలుగురు. పోటీ పిల్లలంతా ఒకచోట చేరిన చార్టర్‌లో పన్నెండో స్థానంలో ఉన్న అమ్మాయి, ఇంటి పక్కనున్న పెద్ద హైస్కూల్‌లో ఆ గీత లోపలే ఉండేదేమో. గోడ మీద జెండాలు ఎన్ని ఉన్నా ఈ లెక్క చెప్పవు.

కాలిఫోర్నియాలో ఉన్నవారికి పని కాస్త తేలిక. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం హైస్కూల్ వారీగా మూడు అంకెలు బయటపెడుతుంది: దరఖాస్తు చేసినవారు, సీటు వచ్చినవారు, చేరినవారు. ఐమూలగా చదివిన పట్టికలోని తొమ్మిదో తరగతి సంఖ్యను ఈ మూడింటి కింద రాసుకుంటే భిన్నం పూర్తవుతుంది. బ్యాచ్ చిన్నదైతే ఒక్క ఏడాదితో తేల్చకూడదు. పదహారు మందిలో ఒక్కరు మనసు మార్చుకున్నా శాతం ఆరుకు పైగా కదులుతుంది.

[తెరపై: మళ్లీ అదే నడవా. పక్కన కౌన్సిలర్ గది, సగం తెరిచిన తలుపు.]

బడి చూడడానికి పిలిచిన రోజున గోడ దగ్గర ఆగకుండా, కాలేజీ దరఖాస్తుల్లో పిల్లలకు దారి చూపే కౌన్సిలర్ ఉండే ఈ గదిలోకి వెళ్లండి. ఒక్కో కౌన్సిలర్ కింద ఎంతమంది విద్యార్థులున్నారో అడగండి. అమెరికా స్కూల్ కౌన్సిలర్ల సంఘం 250కి మించకూడదంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో చేరిన విద్యార్థి గురించి బడిలో అందరూ చెబుతారు కనుక అది అడగనక్కరలేదు. పోయినేడాది పట్టా పొందినవారిలో సరిగ్గా మధ్య ర్యాంకుల్లో ఉన్న పదిమంది ఎక్కడ చేరారో, పేర్లు లేకుండా చెప్పమనండి. రెండేళ్ల కిందటి బ్యాచ్‌లో ఎంతమంది ఇంకా కాలేజీలోనే ఉన్నారో కూడా అడగండి. ఆ వివరాలు, కాలేజీ చేరికల లెక్కలు సేకరించే నేషనల్ స్టూడెంట్ క్లియరింగ్‌హౌస్ నుంచి హైస్కూళ్లు తెప్పించుకోగలవు.