ముందు గొంతు, తర్వాతే చెయ్యి: ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పేవాళ్ల కోసం చర్చ

నిర్వాహకురాలు: నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగు పిల్లలకు ఆదివారాలు ఆత్మరక్షణ నేర్పుదామని కొందరు స్వచ్ఛందంగా ముందుకొస్తున్నారు. కరాటే శిక్షకురాలు, హైస్కూల్ వ్యాయామ మాస్టారు, న్యాయవాది మనతో ఉన్నారు. మేడమ్, ఎక్కడ మొదలెట్టాలి?

శిక్షకురాలు: తక్కువ నేర్పడంతో. వారానికి గంటన్నర చొప్పున 8 వారాలు దొరికితే నాలుగు విషయాలు చాలు. మణికట్టు విడిపించుకోవడం, జుట్టు పట్టుకుంటే తప్పించుకోవడం, వెనకనుంచి వాటేస్తే బయటపడటం, అరచేత్తో కొట్టడం. ఇరవై రకాలు చూపిస్తే భయంలో ఒక్కటీ గుర్తుకు రాదు.

నిర్వాహకురాలు: మణికట్టు సంగతి చెప్పండి.

శిక్షకురాలు: పిల్లలు చెయ్యి తిన్నగా వెనక్కి లాగేస్తారు. అలా లాగితే అవతలివాడి నాలుగు వేళ్ల బలంతో పెనుగులాడినట్టే. పట్టులో సందు ఉండేది బొటనవేలు, మిగతా వేళ్లు కలిసే చోట. ముందు ఒక కాలు వెనక్కి వేసి మోకాళ్లు కాస్త వంచాలి. మణికట్టు సన్నటి అంచు ఆ సందులోకి వచ్చేలా చెయ్యి తిప్పాలి. తర్వాత మోచెయ్యి వాడి ముంజేతి వైపు తోస్తూ, పిడికిలిని మన భుజం దగ్గరికి ఒక్క ఊపున తెచ్చుకోవాలి. మోచెయ్యి ముందుకు పోవాలి. ఇక్కడే నూటికి తొంభైమంది తడబడతారు, ఎందుకంటే భయపడ్డ ఒళ్లు వెనక్కే పోతుంది. వాడు రెండు చేతులతో పట్టుకుంటే, మన రెండో చేత్తో మన పిడికిలినే పట్టుకుని పైకి లాగాలి. విడిపించుకున్నాక ఇక నిలబడకూడదు, పరుగే.

మాస్టారు: నేర్పేటప్పుడు మొదటి రెండు వారాలు నెమ్మదిగానే చేయించండి. ఊపుగా లాగితే జతగా నిలబడ్డ పిల్ల మణికట్టు బెణుకుతుంది. గాజులు, చెవి రింగులు, చున్నీ పిన్నులు ముందే తీయించాలి. "ఆపు" అన్నా, రెండుసార్లు తట్టినా ఆ క్షణమే వదలాలి. ఒక శిక్షకురాలికి 15 మంది, పక్కన ఇద్దరు సహాయకులు. అంతకు మించితే చేతులు సరిచూడలేం.

నిర్వాహకురాలు: పిడికిలితో కొట్టడం వద్దంటారా, మేడమ్?

శిక్షకురాలు: వద్దు. సాధన లేని పిడికిలి తలకు తగిలితే చిటికెన వేలి కింది ఎముక విరుగుతుంది. మణికట్టు దగ్గరున్న అరచేతి గట్టి భాగంతో కొట్టాలి. ప్యాడ్ లేకపోతే పాత బొంత గట్టిగా మడిచి తాడుతో కట్టండి, చాలు. జుట్టు పట్టుకుంటే వాడి చేతిని మన రెండు చేతులతో తలకే అదిమిపెట్టాలి. అప్పుడు లాగుడు తగ్గుతుంది, ఒళ్లు తిప్పుకోవచ్చు. గొంతు నొక్కడం మాత్రం అసలు అభ్యాసం చేయించొద్దు. చేతులు భుజాల మీద వేసి చూపిస్తే సరిపోతుంది.

మాస్టారు: గొంతు ఎత్తడానికి ఇంకా ఎక్కువ సమయం ఇవ్వాలి. పిల్లలు సిగ్గుపడి నవ్వేస్తారు. "ప్లీజ్ అన్నా" అని బతిమాలే మాట వద్దు. "నీలం చొక్కా, చెయ్యి తియ్!" అని అరవాలి. ఎవరినంటున్నారో బస్సంతా చూస్తుంది. మన బస్సుల్లో ఒడియావాళ్లు, సవరలు కూడా ఉంటారు. అందుకే తెలుగులో ఒకసారి, ఒడియాలో "ఛాడ!" (వదులు!) అని ఒకసారి, రెండూ ప్రతి తరగతిలో పదేసిసార్లు అనిపించండి.

న్యాయవాది: నేనొక మాట కలుపుతాను. ముప్పు ఎక్కువగా తెలిసినవాళ్ల నుంచే. కెనడా విశ్వవిద్యాలయాల్లో 12 గంటల శిక్షణ మీద 2015లో ఒక పరిశీలన వచ్చింది. ఏడాదిలో అత్యాచారానికి గురైనవాళ్లు శిక్షణ పొందినవారిలో 5.2 శాతం, పొందనివారిలో 9.8 శాతం. అక్కడ దెబ్బలు నేర్పింది కొంతసేపే. పరిచయస్తుల నుంచి వచ్చే ఒత్తిడిని గుర్తుపట్టడం, తిరగబడటానికి మనసులో ఉండే మొహమాటం తీయడం పెద్ద భాగం.

నిర్వాహకురాలు: తిరిగి కొడితే కేసు తమ మీదకే వస్తుందని తల్లిదండ్రులు భయపడుతున్నారు.

న్యాయవాది: 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తుంది. అవసరానికి మించి గాయపరచకూడదని 37 చెబుతుంది. వాడు పారిపోతుంటే వెంటపడి కొట్టొద్దని పిల్లలకు చెప్పండి.

శిక్షకురాలు: కొందరు పిల్లలు కొయ్యబారిపోతారు. అది ఒంటి సహజ స్పందన. "ఎందుకు అరవలేదు" అనే ప్రశ్న తరగతిలో వినిపించకూడదు.

న్యాయవాది: శిక్షణ మధ్యలో ఎవరైనా తమకు జరిగింది చెబుతారు. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. 18 ఏళ్లలోపు పిల్లలపై లైంగిక నేరం తెలిస్తే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం అందరి బాధ్యత. ప్రశ్నలు గుచ్చొద్దు. నిందితుణ్ని పిలిచి రాజీ మాట్లాడొద్దు. ఆమె అన్న మాటలు అన్నట్టే రాసుకుని పిల్లల సహాయ నంబరు 1098కి గానీ, అత్యవసర నంబరు 112కి గానీ ఫోన్ చెయ్యండి. ఆస్పత్రికి ఆలస్యం వద్దు, గర్భం రాకుండా, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపు మొదలుపెట్టాలి.

మాస్టారు: ఫోన్ లాక్కుంటే నంబర్లు ఎక్కడివి? ఆ రెంటితోపాటు నమ్మకమైన ముగ్గురు పెద్దల నంబర్లు చూడకుండా ఒప్పజెప్పించి, తర్వాతే ప్రతి ఆదివారం ఇంటికి పంపండి.