కలుపులో దొరికే కూర

శ్రోతలకు నమస్కారం. వానాకాలంలో జహీరాబాద్ వైపు చేలల్లో కలుపు తీసి ఇంటిదారి పట్టిన ఆడవాళ్ళ ఒడి ఒకసారి చూడండి. గునుగు, దొగ్గలి, చెంచలి, గంగవాయిలి ఉంటాయి. పొద్దున చేలో కలుపు, రాత్రికి పొయ్యి మీద కూర. ఎవరూ విత్తింది కాదు, ఎవరూ నీళ్ళు పెట్టింది కాదు.

గునుగు అనగానే బతుకమ్మలో పేర్చే పువ్వు గుర్తొస్తుంది. పూత రాకముందు, లేతగా ఉన్నప్పుడు దాని ఆకు మంచి కూర. తుమ్మి పువ్వు శివుడికి, ఆకు మనకు. తెలంగాణలో వినాయక చవితినాడు చాలా ఇళ్ళల్లో తుమ్మికూర వండుతారు. కాస్త చేదే, కానీ చింతపండు పడితే అన్నంలోకి ఎంత బాగుంటుందో!

గంగవాయిలి గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఆంధ్రలో దీన్నే పావిలికూర, పాయలకూర అంటారు. నేల మీద పాకుతుంది. ఎర్రటి కాడ, బొద్దుగా చిన్న ఆకులు. చేపల్లో ఉంటాయని చెప్పుకునే ఒమేగా-3 కొవ్వుల్లో ఒక రకం ఇందులో ఉంది. ఆకుకూరల్లో అది ఇంతగా ఉండటం అరుదు. దీనికి పులుపు సహజం, పప్పులో వేస్తే చింతపండు తగ్గించుకోవచ్చు. రాళ్ళు కట్టడానికి తోడ్పడే ఆక్సలేట్లు కూడా ఎక్కువే. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు డాక్టర్‌ని అడిగి తినాలి. ఉడికించి నీళ్ళు వంపేస్తే ఆక్సలేట్లు కొంత తగ్గుతాయి.

కాలవగట్ల మీద దొరికే పొన్నగంటి కంటికి మంచిదని పెద్దలు అంటారు. అందులోని బీటా కెరోటిన్ ఒంట్లో విటమిన్ ఎ అవుతుంది. అది ఒంటికి పట్టాలంటే కాస్త నూనె కావాలి, కాబట్టి పోపు మానకండి. పైన నిమ్మకాయ పిండితే ఆకులోని ఇనుము కూడా బాగా పడుతుంది.

రోజుకు 100 గ్రాముల ఆకుకూర తినమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. కైకిలికి, అంటే కూలికి పోయే ఇంటికి అది పైసా ఖర్చు లేకుండా ఒడిలో వచ్చేది. ఇప్పుడు చాలా చోట్ల కలుపు మందు కొడుతున్నారు. కూలి ఖర్చు భరించలేని రైతు కష్టం నాకు తెలుసు. అయినా ఆ మందుతో పోయేది కలుపొక్కటే కాదు, పక్కింటి కూర కూడా. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ చుట్టుపక్కల మహిళా రైతులు రసాయనాలు లేకుండా జొన్న, కంది కలిపి వేస్తారు కాబట్టే అక్కడ ఈ కూరలు ఇంకా దొరుకుతున్నాయి.

మందు కొట్టిన చేలో, మురికికాలవ పక్కన మాత్రం ఏ ఆకూ కోయకండి. ఫోన్‌లో బొమ్మ చూసి అసలే కోయకండి. మీ ఊళ్ళో కలుపుకు పోయే పెద్దమ్మ వెంట ఒక పూట చేలోకి వెళ్ళండి. ఆకు తుంచి, వాసన చూసి, ఏది వండాలో ఏది వదిలేయాలో ఆమే చెబుతుంది. నమస్కారం.