మునగ రెమ్మతో మొదలైన పాఠం

అధ్యక్షులకు, అధ్యాపకులకు, వచ్చే నెల నుంచి అభ్యాస బోధనకు బడుల్లో అడుగుపెట్టబోతున్న విద్యార్థులకు నమస్కారం.

పరాయి దేశంలో పాఠం చెప్పిన అనుభవం గురించి మాట్లాడమన్నారు. పదకొండేళ్ల కిందట నేనూ మీలాగే బీఈడీ తరగతిలో కూర్చున్నాను. అప్పుడే మారిషస్‌లో ఎనిమిది వారాలు తెలుగు చెప్పే అవకాశం వచ్చింది. ఎనిమిది వారాలంటే బడికి నలభై రోజులు, శని ఆదివారాలు కలిపి పదహారు. నన్ను టీచర్‌ను చేసినవి ఎక్కువగా ఆ పదహారు రోజులే. అందుకని వాటి గురించే ఎక్కువ చెబుతాను.

మారిషస్ చిన్న దీవి. పాత ఉమ్మడి విశాఖ జిల్లాలో ఐదో వంతు కూడా ఉండదు. కానీ మన తీరానికి దానితో ఉన్న చుట్టరికం చిన్నది కాదు. 1835లో అక్కడ బానిసత్వం రద్దయింది. ఆ రోజు రాబోతోందని తెలిసిన చెరకు తోటల యజమానులు ముందుగానే కూలీల కోసం మన దేశం వైపు చూశారు. 1834 నుంచి దాదాపు ఐదు లక్షల మంది ఒప్పంద కూలీలు ఆ రేవులో దిగారు. వాళ్లలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్లున్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్లను కోరంగీలన్నారు. రంగూన్ వెళ్లొచ్చిన తాతల కథలు మన ఇళ్లలో ఇంకా వినిపిస్తాయి. మారిషస్ వెళ్లినవాళ్ల కథలు అంతగా వినిపించవు. చాలామంది తిరిగి రాలేదు, చెప్పేవాళ్లు లేకపోయారు. వాళ్ల మునిమనవలకు ఇప్పుడు బడిలో తెలుగు ఒక ఐచ్ఛిక పాఠం. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు.

నాకు ఐదో తరగతి అప్పగించారు. ఇక్కడ రాసుకున్న పాఠ్య పథకాలు, అట్ట మీద అతికించిన బొమ్మలు, రంగు సుద్దలు అన్నీ తీసుకెళ్లాను. మొదటి వారం రోజూ గొంతెత్తి చదివించాను. పిల్లలు ఎంతో మర్యాదగా నేను అన్నది అన్నట్టే అన్నారు. శుక్రవారం పుస్తకం మూయించి, ఆవు బొమ్మ చూపించి ఇది ఏమిటని అడిగాను. ఒక్కరూ పలకలేదు. కాసేపటికి చివరి వరుసలో కూర్చున్న అమ్మాయి మెల్లగా ‘వాష్’ అంది. ఫ్రెంచిలో ఆవు.

నాతో పాటు వెళ్లిన స్నేహితురాలిది బొబ్బిలి. ఆమెది గణిత బోధన. తన పీరియడ్ లేనప్పుడు నా తరగతి వెనక బల్ల మీద కూర్చునేది. ఆ రోజు కూడా అక్కడే ఉంది, ఏమీ అనలేదు.

మర్నాడు శనివారం. ఇద్దరం బస్సెక్కి రాజధాని పోర్ట్ లూయీ వెళ్లాం. అక్కడ రేవు పక్కన ఆప్రవాసీ ఘాట్ ఉంది. కూలీలను ఓడల నుంచి దింపి, పేరు రాసుకుని, ఒక్కొక్కరికీ ఒక అంకె ఇచ్చి, తోటలకు పంపిన చోటు. యునెస్కో 2006లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ పదహారు రాతి మెట్లున్నాయి. అక్కడ దిగినవాళ్లు ఎక్కినవి అవే. నా స్నేహితురాలు వంగి, సింహాచలంలో మెట్ల పూజ చేసేవాళ్లలా మొదటి మెట్టును తాకి కళ్లకద్దుకుంది. చాలాసేపు మాట్లాడుకోలేదు. తరువాత ఆమె అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

‘నువ్వు ఆ పిల్లలకు తెలుగు గుర్తు చేస్తున్నావు, నేర్పడం లేదు. గుర్తు చేయడానికి వాళ్ల దగ్గర అది ఉంటే కదా. ఇంట్లో ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ మాట్లాడుతున్నారు, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి చదువుతున్నారు. తెలుగు వాళ్లకు నాలుగో భాష. నువ్వేమో అమ్మ ఒళ్లో విన్న మాటలన్నట్టు అడుగుతున్నావు.’

నాకు కోపం వచ్చింది. కోపంతోనే దగ్గర్లోని బజారుకు నడిచాను. అక్కడ దాల్ పూరీ అమ్ముతారు. పసుపు పప్పు పొడి లోపల పెట్టి పల్చగా వత్తిన రొట్టె. బెల్లం వేయని బొబ్బట్టు అనుకోండి. రెండేసి కలిపి కూరతో చుట్టి ఇస్తారు. తింటూ కూరగాయల వరుసలోకి వెళితే మునగాకు కట్టలు కనిపించాయి. పేరేమిటని అడిగాను. అమ్మే ఆవిడ ‘బ్రెద్ మురుం’ అంది. బ్రెద్ అంటే ఆకుకూర. మురుం ఎక్కడిదో చెప్పనక్కర్లేదు. తమిళుల మురుంగై, మన మునగ. పక్కనే కరివేపాకును ‘కరిపులే’ అన్నారు. అదీ తమిళ దారిలో వచ్చిందే. ఆ పిల్లల దగ్గర ఏమీ లేదని వారమంతా నేను అనుకున్నాను. మన మాటలకు తోబుట్టువుల్లాంటి మాటలు రోజూ వాళ్ల వంటింట్లోనే తిరుగుతున్నాయి.

సోమవారం బోధనోపకరణాల సంచీ ఇంట్లో వదిలేసి, ఒక మునగ రెమ్మ పట్టుకుని బడికి వెళ్లాను. వాసన చూడమన్నాను. పేరు వాళ్లనే చెప్పమన్నాను. తరగతంతా ఒక్కసారిగా ‘మురుం!’ అని అరిచింది. బోర్డు మీద ఆ మాట రాసి, పక్కన ‘మునగ’ అని రాశాను. ఈ రెండింటిలో ఒకేలా ఉన్నది వెతకండి అన్నాను. శుక్రవారం ‘వాష్’ అన్న అమ్మాయే లేచి వచ్చి, ‘ము’ మీద సుద్దతో గీత గీసింది. ఆ అక్షరాన్ని మళ్లీ నేర్పాల్సిన అవసరం రాలేదు.

ఆ తరువాత ప్రతి శని ఆదివారాలూ తిరిగాం. షామరెల్ దగ్గర ఏడు రంగుల మట్టి చూశాం, పాంప్లమూస్ తోటలో పళ్లాలంత ఆకుల కలువలు చూశాం. అందరూ చూసేవే, మేమూ చూశాం. లె మోర్న్ కొండ మాత్రం వేరు. పారిపోయిన బానిసలు దాక్కున్న కొండ అది. దాని కింద నిలబడ్డాక, ఈ దీవిలో మనవాళ్ల కష్టం ఒక్కటే కష్టం కాదని తెలిసింది. నా తరగతిలో ఆఫ్రికా మూలాలున్న స్నేహితుల గురించి పిల్లలు చెప్పే కబుర్లు అప్పటినుంచి శ్రద్ధగా విన్నాను.

ఒక ఆదివారం ఒక పిల్ల వాళ్ల ఇంటికి పిలిచారు. అక్కడి తెలుగువాళ్లు రామభజనం చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు, సింహాద్రి అప్పన్నను కొలుస్తారు. మన అప్పన్నే. ఆ ఇంటి నాయనమ్మ దీపం ముందు కూర్చుని పాట అందుకుంది. తెలుగు పాటే, కానీ నోటి నుంచి నోటికి మారి కొన్ని మాటలు నలిగిపోయాయి. ఆవిడకు అర్థం తెలియదు, రాగం మాత్రం ఎక్కడా తప్పలేదు. పాట అయ్యాక నన్ను క్రియోల్‌లో ఏదో అడిగింది. మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది. ‘సింహాద్రి అంటే నిజంగా కొండేనా అని అడుగుతోంది.’

నేను పుట్టింది గోపాలపట్నంలో. చిన్నప్పటినుంచి ఆ కొండను చూస్తూ పెరిగాను. నాకు నోట మాట రాలేదు. నా స్నేహితురాలే ఫోనులో కొండ ఫొటో తెరిచి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ ఆ ఫోను చాలాసేపు తిరిగి ఇవ్వలేదు. మర్నాడు మా తరగతిలో నేర్పిన మాటలు కొండ, మెట్టు, దీపం, చందనం. ఆ పిల్ల సాయంత్రం ఇంటికి వెళ్లి నాయనమ్మకు పాటలోని మాటల అర్థం చెప్పిందట.

స్నేహితురాలు లేకుండా ఇవన్నీ జరిగేవా? నాకు నమ్మకం లేదు. పర్యవేక్షకులు వచ్చి మార్కులు వేస్తారు, అది వాళ్ల పని. పక్కన కూర్చుని చూసి, మర్నాడు బస్సులో మొహం మీద నిజం చెప్పే మనిషి వేరు. చీకటి పడ్డాక పల్లెల్లో బస్సులు తక్కువ. ఎన్నో సాయంత్రాలు స్టాపు దగ్గర గంటల తరబడి ఎదురుచూశాం. అప్పుడు ఆమె తెలుగు రాని పిల్లగా మారేది. నేను సోమవారం పాఠం చెప్పేదాన్ని. అర్థం కాని చోట ఆమె తలూపేది కాదు. అంతే, అక్కడ ఆగి మళ్లీ మొదలుపెట్టేదాన్ని. మీరు విజయనగరం వెళ్లినా, పాడేరు వెళ్లినా, పరాయి దేశం వెళ్లినా ఒంటరిగా వెళ్లకండి. మీ మెప్పు కోసం చూడని స్నేహితులను వెంట తీసుకెళ్లండి. మీరూ వాళ్లకు అలాగే ఉండండి.

ఇప్పుడు నేను ఓడరేవు వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మా తరగతిలో ఒడిశా నుంచి పనికి వచ్చిన కుటుంబాల పిల్లలున్నారు, మన్యం నుంచి వచ్చినవాళ్లున్నారు. ఈ పిల్లలకు భాష రాదు అనే మాట సిబ్బంది గదుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఏ భాష రాదు? ఎవరి భాష రాదు? పోయిన జూన్‌లో చేరిన ఒక పిల్లాడు మూడు వారాలు నోరు విప్పలేదు. ఒక సోమవారం మునగ రెమ్మ తీసుకెళ్లి వాడి చేతికిచ్చాను. వాసన చూశాడు, నా మొహం చూశాడు, ‘సజనా’ అన్నాడు. బోర్డు మీద మునగ పక్కన సజనా అని రాశాను. తరగతంతా వాడి మాటను రెండుసార్లు పలికింది.

ఆ రెమ్మ నేను ముందురోజు పూర్ణా మార్కెట్‌లో కొన్నది. నా స్నేహితురాలు ఇప్పుడు విశాఖలోనే లెక్కల టీచర్. ఇప్పటికీ ఆదివారాలు ఇద్దరం అక్కడికి వెళతాం. ఎవరు ఏ కూరను ఏమని పిలుస్తున్నారో విని చిన్న పుస్తకంలో రాసుకుంటాం. ఈ ఆదివారం కూడా వెళుతున్నాం. రాదలచుకున్నవాళ్లు పొద్దున్న ఏడుకు మార్కెట్ ముందుకు రండి. పుస్తకం, పెన్ను తెచ్చుకోండి. మీ తరగతిలో ఏ భాషల పిల్లలుంటారో ముందే కనుక్కుని వస్తే ఇంకా మంచిది.