మందు అలవాటయ్యేది ఒంటికి కాదు

వేదిక మీదున్న పెద్దలకు, పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట నుంచి దుకాణాలు మూసుకుని హన్మకొండ దాకా వచ్చిన మెడికల్ షాపుల అన్నలకు, అక్కలకు, ఆర్‌ఎంపీ మిత్రులకు, ఫార్మసీ పిల్లలకు నమస్కారం. శాలువాల సంగతి తర్వాత చూద్దాం. ఏటా నవంబర్ 18 నుంచి 24 దాకా యాంటీబయాటిక్ నిరోధకత మీద అవగాహన వారం జరుపుతారు, అందుకే ఈ సభ. కరపత్రంలో ఈ ప్రసంగానికి ‘చట్టం, నిబంధనలు’ అని వేశారు. దానికీ వద్దాం. ముందు ఒక మాట సరిచేయాలి.

‘సార్, ఈ గోలీ ఒంటికి అలవాటైంది, పని చేస్తలేదు. జర పవర్ ఎక్కువది ఇయ్యుండ్రి.’ కౌంటర్ దగ్గర రోజూ వినే మాటే. మీరూ అంటుంటారు. తప్పు. ఒళ్లు అలవాటు పడదు. పుట్టినప్పటి నుంచి ఒక్క యాంటీబయాటిక్ మింగని మనిషికైనా మొండి బ్యాక్టీరియా అంటుకుందంటే, అతనికి మొట్టమొదటి గోలీ కూడా పనిచేయదు. మారింది ఒళ్లు కాదు, క్రిమి.

ఎట్లా మారింది? ఈ.కోలై అనే బ్యాక్టీరియా తిండి బాగా దొరికితే 20 నిమిషాలకోసారి రెండవుతుంది. పది గంటల్లో 30 సార్లు రెట్టింపు. లెక్క వేసుకోండి, ఒక్కటి 100 కోట్లు దాటుతుంది. రెండైన ప్రతిసారీ జన్యువులకు నకలు తీయాలి. ఇన్ని నకళ్లలో తప్పులు పడకుండా ఉంటాయా? చాలా తప్పులు ఎందుకూ కొరగావు. కొన్ని ఆ క్రిమినే చంపుతాయి. ఎక్కడో ఒకటి మందుకు అడ్డుపడే తప్పు. అది మందు రాకముందే పడి ఉంది. మందు మిగతావాటిని చంపి దానికి చోటు ఖాళీ చేసిపెట్టింది, అంతే.

దీన్ని కళ్లతో చూడొచ్చు. క్రిమిని పెంచి ఏ మందుకు చస్తుందో చూసే కల్చర్ పరీక్షలో, ముల్లర్ హింటన్ అగార్ అనే, క్రిమి పెరిగే జిగురు పదార్థాన్ని ప్లేటులో 4 మిల్లీమీటర్ల మందాన పోస్తారు. మూత్రం నుంచి వేరుచేసిన బ్యాక్టీరియాను సెలైన్‌లో కలిపి, క్రిములు ఎంత చిక్కగా ఉండాలో చూపే 0.5 మెక్‌ఫార్లాండ్ అనే కొలత మసకతో సరిచూసి, దూదిపుల్లతో మూడు వైపులా తిప్పి పూస్తారు. పైన 5 మైక్రోగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ పట్టించిన కాగితపు బిళ్ల. 35 డిగ్రీల వేడిలో 16 నుంచి 18 గంటలు. తెల్లారి చూస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం. ఈ.కోలైకి అది 26 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉంటే మందు పనిచేస్తుంది, 21కి మించకపోతే పనిచేయదు. అగార్ మందంగా పోస్తే వలయం చిన్నదై మంచి మందు కూడా పనికిరానట్టు కనపడుతుంది. క్రిమిని పలచగా పూస్తే దానికి తలకిందులు, అది ఇంకా ప్రమాదం. కొన్నిసార్లు ఆ ఖాళీ వలయం నడుమ ఆవగింజంత చుక్కలు రెండో మూడో ఉంటాయి. ఇందాక చెప్పిన తప్పు నకళ్లు అవి కావచ్చు. రోగికి సిప్రో ఇస్తే రేపు మిగిలేవి అవే.

పత్తి ఇళ్లల్లో పుట్టినవాళ్లు ఈ హాల్లో సగం మంది ఉంటారు. మీకిది కొత్త ముచ్చటా? 1997-98లో లద్దెపురుగు మన చేలు ఊడ్చేసిన ఏడు ఏం చేశారు? ఒక మందుకు చావట్లేదని రెండు కలిపారు, రెండింటికి చావట్లేదని మూడు కలిపి కొట్టారు. తర్వాత పురుగును చంపే గుణం మొక్కలోనే ఉన్న బీటీ పత్తి వచ్చింది, బీటీ-2 వచ్చింది, గులాబీ రంగు పురుగు దాన్నీ దాటేసింది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్‌బీటీ విత్తనం ఇచ్చారు, మొండివి కాని పురుగులు కూడా బతికి ఉండేలా చేను చుట్టూ వేయమని. ఎంతమంది వేశారు? చేతులెత్తండి. ఊఁ.

సరే, చేలోంచి బయటికొద్దాం. పత్తి పురుగు తన మొండితనాన్ని తన పిల్లలకే ఇస్తుంది. బ్యాక్టీరియా పక్కింటోళ్లకీ ఇస్తుంది. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరం ఒకదాన్నుంచి ఇంకోదానికి, ఒక జాతి నుంచి ఇంకో జాతికి పోతుంది. జిగట విరేచనాలు తెచ్చే షిగెల్లా, కడుపులో ఊరికే ఉండే ఈ.కోలై దగ్గర ఇట్లా అందుకుంటుందని జపాన్‌లో 1959లోనే తేలింది. సర్దికి యాంటీబయాటిక్ ఇస్తే వైరస్‌కు ఏమీ కాదు. దెబ్బంతా పేగుల్లోని మామూలు బ్యాక్టీరియాకు. అక్కడ మొండివి మిగిలి, ఎప్పుడో మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌గా తేలతాయి.

ఇక ఆ ‘పవర్’ సంగతి. 625 గోలీలో అమోక్సిసిలిన్ ఎంత? 500 మిల్లీగ్రాములే. మిగతా 125 క్లావులానిక్ యాసిడ్. కొన్ని బ్యాక్టీరియాలు బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్ వదిలి అమోక్సిసిలిన్ అణువులోని వలయాన్ని తెంపుతాయి. క్లావులానిక్ యాసిడ్ ఆ ఎంజైమ్‌కు తానే చిక్కి దాన్ని పట్టి ఉంచుతుంది, ఈలోపు అమోక్సిసిలిన్ పని కానిస్తుంది. ఎంజైమ్ లేనిచోట ఆ 125 దండగ, పైగా విరేచనాలు. ఎమ్మార్‌ఎస్‌ఏ అనే మొండి స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా లాంటిది మందు అతుక్కునే చోటునే మార్చుకుంటుంది, దానికి 625 ఇచ్చినా అంతే. టెట్రాసైక్లిన్‌ను పంపు పెట్టి బయటికి తోడేసేవి ఇంకొన్ని. ఒక్కోదానిది ఒక్కో ఉపాయం. వీటికి పవర్ పెంచడం ఏమిటి?

చిట్టీ వచ్చింది, ఐదు నిమిషాలట. అయితే చట్టం రెండు ముక్కల్లో: అమోక్సిసిలిన్ షెడ్యూల్ హెచ్ అనే జాబితాలో ఉంది, డాక్టర్ రాసిన చీటీ ఉండాలి. సెఫిక్సిమ్, సెఫ్‌పోడాక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌లు 2014 మార్చి 1 నుంచి ఇంకా కట్టుదిట్టమైన హెచ్-1 జాబితాలో ఉన్నాయి. చీటీతో పాటు విడిగా రిజిస్టర్ కావాలి. డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చారన్నది రాసి మూడేళ్లు దాచాలి.

మిగిలిన టైం ఈ సీసాకు. పిల్లల డ్రై సిరప్, అమోక్సిసిలిన్ క్లావులానిక్ యాసిడ్. పొడి సీసా ఇచ్చి ‘నీళ్లు పోసుకో అమ్మా’ అని పంపేస్తున్నారు. ఆమె ఇంటికెళ్లి గీత దాకా ఒక్కసారే పోస్తుంది. అడుగున పొడి గడ్డకట్టి ఉంటుంది. ఊపాక నీళ్లు గీత కిందికి దిగుతాయి, మళ్లీ పోయదు. మొదటి రెండు రోజులు పైనున్న పలచటి నీళ్లు, ఆఖరి రోజుల్లో చిక్కటి ముద్ద. జబ్బు ముదిరి ఉన్నప్పుడు తక్కువ మందు, బిడ్డ కోలుకున్నాక ఎక్కువ మందు! క్రిమికి ఇంతకన్నా మంచి శిక్షణ ఏముంటుంది? ఆపైన వంటింటి చెంచా, ఒక్కో ఇంట్లో ఒక్కో కొలత.

కౌంటర్ మీదే, తల్లి చూస్తుండగా కలపండి. మొదట సీసాను అరచేతికి తట్టి పొడి వదులు చేయాలి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు గీతకు సగం దాకా పోసి గట్టిగా ఊపాలి. నురగ దిగాక గీత దాకా నింపి, మళ్లీ ఊపాలి. వేడి నీళ్లు వద్దు, క్లావులానిక్ యాసిడ్ వేడికి తట్టుకోదు. కలిపిన తారీఖు పెన్నుతో లేబుల్ మీద రాయండి. ఫ్రిజ్‌లో ఏడు రోజులు, ఆ తర్వాత పారబోయాల్సిందే, చెల్లెకు పనికొస్తుందని దాచిపెట్టొద్దు. ప్రతిసారీ ఊపి, కొలత మూతతోనో సూది లేని సిరంజితోనో తాగించమని చెప్పండి.

సీసా, నీళ్లు ఈ బల్ల మీదే ఉన్నాయి. ముందు వరసలో నర్సంపేట అక్కా, ఒకసారి వచ్చి కలపండి. నురగ ఎంతసేపట్లో దిగుతుందో అందరూ వాచీ చూడండి.