పక్కింటివాళ్ళ పేర్లు కూడా రాసుకోండి: కార్ల్స్‌బ్రున్ నుంచి కాన్సస్ దాకా ఒక జర్మన్ కుటుంబం

నేను: అందరికీ నమస్కారం. ఈ వారం మా పిన్ని వచ్చింది. ముప్ఫై ఏళ్ళ కిందట గుంటూరు నుంచి కాన్సస్ వెళ్ళింది. అక్కడి లైబ్రరీలో శనివారాలు పాత రిజిస్టర్లు ముందేసుకుని పేర్లు కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటుంది. జీతం లేదు, కాఫీ ఇస్తారు. పిన్నీ, మైకు కొంచెం దగ్గరికి జరుపుకో.

పిన్ని: ఇంకా దగ్గరికంటే మింగెయ్యాలి. ఆ, వినపడుతోందా?

నేను: బ్రహ్మాండంగా. అసలు జర్మన్లకీ నీకూ ఏం సంబంధమని ఇంట్లో అందరికీ అనుమానం.

పిన్ని: ఉందమ్మా. నేను చదివింది గుంటూరు ఏసీ కాలేజీలో కదా. అది లూథరన్ మిషన్ వాళ్ళది. ఆ మిషన్‌ని 1842లో గుంటూరు వచ్చి మొదలుపెట్టిన హేయర్ పాదిరి పుట్టింది జర్మనీలో. కుర్రాడుగా ఉండగా, 1807లో ఫిలడెల్ఫియా చేరాడు. పెన్సిల్వేనియాలో జర్మన్ల మధ్య ఊరూరా తిరిగి ప్రసంగాలు చేసి, అప్పుడు మన గుంటూరు వచ్చాడు. కాలేజీలో ఉన్నన్నాళ్ళూ ఇవేవీ పట్టించుకోలేదు. ఇక్కడికొచ్చాక ఆ జర్మన్ల కాగితాలే చేతిలో పడ్డాయి.

నేను: ఇవాళ ఎవరి కథ చెప్తావు?

పిన్ని: ఐసెన్‌హోవర్ వాళ్ళది. మామూలు కుటుంబాల గుట్టు మైకులో చెప్పడం నాకిష్టం ఉండదు. వీళ్ళ ఇల్లు, బైబిలు, పియానో అన్నీ కాన్సస్‌లో అబిలీన్ అనే ఊళ్ళో మ్యూజియంలోనే ఉన్నాయి, ఎవరైనా పోయి చూడొచ్చు. డ్వైట్ ఐసెన్‌హోవర్ రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మీదకి మిత్రపక్షాల సేనని నడిపించాడు, తర్వాత అమెరికా ప్రెసిడెంటు అయ్యాడు. ఆయన గురించి అందరికీ తెలుసు, ఆయన్ని వదిలేద్దాం. నాకు వాళ్ళ ముత్తాతల మీదే ఆసక్తి.

నేను: ఆ ఇంటిపేరు జర్మనే కదా?

పిన్ని: జర్మనే. అక్కడ ఐజెన్‌హావర్. ఐజెన్ అంటే ఇనుము, హావర్ అంటే కొట్టేవాడు. ఊరు కార్ల్స్‌బ్రున్, సార్ ప్రాంతంలో ఫ్రాన్స్ సరిహద్దు పక్కన. హాన్స్ నికోలస్ అనే ఆయన 1741 నవంబరులో యూరోపా అనే ఓడలో ఫిలడెల్ఫియాలో దిగాడు. రైన్ నది మీద పడవలో రాటర్‌డామ్ దాకా రావాలి, దారి పొడుగునా సుంకాల చావళ్ళు. అక్కడ ఓడెక్కి ఇంగ్లండులో ఒక రేవులో ఆగి, అప్పుడు సముద్రం దాటాలి. ఛార్జీ కట్టలేని వాళ్ళు దిగాక కొన్నేళ్ళు ఎవరి దగ్గరో పాలేరుతనం చేసి ఆ బాకీ తీర్చుకునేవాళ్ళు.

నేను: పాస్‌పోర్టులూ వీసాలూ లేని రోజులు కదా. ఓడ పేరుతో సహా ఎలా తెలిసింది?

పిన్ని: మంచి ప్రశ్న. అది ఇంగ్లండు రాజు ఏలుబడి. 1727 నుంచి పెన్సిల్వేనియాలో ఒక రూలు పెట్టారు. జర్మన్లు మరీ ఎక్కువైపోతున్నారని భయపడి, దిగిన మగవాళ్ళందరి చేతా రాజుకి విధేయులమని సంతకం పెట్టించారు. ఆ జాబితాలు చాలావరకు మిగిలాయి. సంతకం రానివాడు ఒక గుర్తు గీసేవాడు, పక్కన గుమాస్తా పేరు రాసేవాడు. ఆ గుమాస్తా ఇంగ్లీషువాడు. చెవికి ఎలా వినపడితే అలా రాశాడు. ఇప్పుడు అమెరికాలో ఐసెన్‌హవర్, ఐసన్‌అవర్ అని రకరకాల స్పెల్లింగులతో ఉన్నవాళ్ళంతా ఇలాంటి చెవుల్లోంచి వచ్చినవాళ్ళే. ఇంకో సంగతి. పదహారేళ్ళు దాటిన మగవాళ్ళే సంతకం పెట్టాలి.

నేను: ఆడవాళ్ళు?

పిన్ని: లేరు. పిల్లలూ లేరు. భార్య, నలుగురు పిల్లలు, ముసలి తల్లి అదే ఓడలోంచి దిగినా కాగితం మీద ఒక్క మగవాడే దిగుతాడు. నాకు ఆ జాబితాలు చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. జనాభా లెక్కలూ అంతే. 1850 ముందు ఇంటి పెద్ద పేరు ఒక్కటే రాసి, మిగతావాళ్ళని అంకెలుగా వేశారు. ఇంట్లో ఈ వయసు ఆడవాళ్ళు ఇద్దరు, అంతే. పేరు లేదు.

నేను: మరి ఎలా పట్టుకుంటారు?

పిన్ని: చర్చి. సంఘపు రిజిస్టరులో బాప్తిస్మం రోజున తల్లి పేరు ఉంటుంది, సాక్షుల పేర్లు ఉంటాయి. ఆ సాక్షులున్నారే, వాళ్ళు బంగారం. మేనమామో, పిన్నో, పాత ఊరి పొరుగువాడో అయ్యుంటారు. అయితే అక్కడ ఇంకో చిక్కు. పేర్లు! ఒక ఇంట్లో నలుగురు కొడుకులుంటే నలుగురూ జొహాన్లే. జొహాన్ పీటర్, జొహాన్ జేకబ్, జొహాన్ నికోలస్.

నేను: మన వెంకటల్లాగా.

పిన్ని: అచ్చం! మీ తాతగారింట్లో వెంకట సుబ్బారావు, వెంకట రమణ, వెంకటేశ్వర్లు. వీధిలో నిలబడి వెంకటా అంటే ముగ్గురూ పలుకుతారు. పిలిచే పేరు రెండోది. అది తెలియక నేను మొదట్లో ఒక జొహాన్ని ఆర్నెల్లు వెతికాను. మనిషి దొరికాడు, పెళ్ళి దొరికింది, పొలం దస్తావేజు దొరికింది. తీరా చూస్తే ముగ్గురు అన్నదమ్ముల్ని కలిపి ఒక మనిషిని తయారుచేశాను.

(నవ్వులు)

నేను: ఐసెన్‌హోవర్ల దగ్గరికి వద్దాం. దిగాక ఎక్కడ స్థిరపడ్డారు?

పిన్ని: పెన్సిల్వేనియాలోనే, పల్లెల్లో. మొదట భూమి కొన్న చోటు అప్పట్లో లాంకాస్టర్ కౌంటీ. ఇప్పుడు లెబనాన్ కౌంటీ. వాళ్ళు కదల్లేదు, కౌంటీ వాళ్ళ మీద నుంచి కదిలిపోయింది. మనకి 2022లో గుంటూరు జిల్లాలోంచి పల్నాడు, బాపట్ల విడిపోలేదూ? రేపు ఎవరో నరసరావుపేట ముత్తాత కాగితాల కోసం పల్నాడు ఆఫీసులో వెతికి లేదనుకుంటారు. ఏ ఏడాదిలో అది ఏ కౌంటీయో మొదట చూసుకోవాలి. దీన్ని ఎవరూ ముందు చెప్పరు, తల బాదుకున్నాక తెలుస్తుంది.

నేను: పెన్సిల్వేనియా నుంచి కాన్సస్‌కి ఎవరు కదిలారు?

పిన్ని: డ్వైట్ తాత, జేకబ్. 1826లో పుట్టాడు. ఎలిజబెత్‌విల్‌లో మంచి రైతు. రివర్ బ్రెదరెన్ అనే సంఘానికి బోధకుడు. సస్క్వెహానా నది ఒడ్డున మొదలైంది కాబట్టి ఆ పేరు. సాదా బట్టలు, యుద్ధం పాపం, బాప్తిస్మం పారే నీళ్ళలో మూడు మునకలు. వాళ్ళకి చర్చి కట్టడాలు పెద్దగా ఉండేవి కావు. ఇళ్ళలోనో, గాదెల్లోనో కూడేవాళ్ళు. 1878లో, యాభై దాటిన మనిషి, సొంత ఇల్లూ పొలమూ అమ్మేసి కాన్సస్ బయల్దేరాడు.

నేను: ఆ వయసులో ఎందుకు?

పిన్ని: కొడుకులకి భూమి. పెన్సిల్వేనియాలో ధర మండిపోతోంది. అదే డబ్బుకి కాన్సస్‌లో ఎన్నో రెట్లు వస్తుంది. ఒక్కడే వెళ్ళలేదు, అదీ అసలు సంగతి. సంఘం సంఘమే కదిలింది. సామాను, పశువులు, నాగళ్ళు రైలు పెట్టెల్లో వేసుకుని, కొన్ని వందల మంది డికిన్సన్ కౌంటీలో దిగారు. పక్క పొలం ఎవరిదని చూస్తే పెన్సిల్వేనియాలోనూ పక్క పొలం వాడిదే. వోల్గా జర్మన్లూ, అంటే రష్యాలో వోల్గా నది పక్కన ఉండిపోయిన జర్మన్లూ అంతే. 1876లో రష్యా నుంచి ఎల్లిస్ కౌంటీకి ఊళ్ళకు ఊళ్ళు వచ్చి, కొత్త ఊళ్ళకి పాత పేర్లే పెట్టుకున్నారు. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళకి మొదట చెప్పేది ఇదే. మీ తాత పేరు ఒక్కటే తెస్తే దొరకడు. పక్కింటివాళ్ళ పేర్లు, పెళ్ళికి సాక్షులు, పాడె మోసినవాళ్ళు, అందరినీ రాసుకోండి. తాత కాగితం కాలిపోయినా వాళ్ళలో ఒకడి కాగితం మిగులుతుంది.

నేను: కాలిపోవడం అంటే?

పిన్ని: 1890 జనాభా లెక్కలు. 1921లో వాషింగ్టన్‌లో ఆ బిల్డింగుకి నిప్పంటుకుంది. కాలింది కొంత, నీళ్ళు కొట్టి నానబెట్టింది కొంత. చివరికి దాదాపు అన్నీ పోయాయి. జర్మన్లు కాన్సస్, నెబ్రాస్కాల్లో నిండుతున్న సమయం, సరిగ్గా అక్కడే బొక్క.

నేను: జేకబ్ తర్వాత?

పిన్ని: పెళ్ళి చేసుకున్న ప్రతి బిడ్డకీ జేకబ్ 160 ఎకరాలు, రెండు వేల డాలర్లు ఇచ్చేవాడని చెప్తారు. కొడుకు డేవిడ్‌కి సేద్యం పడలేదు. 1885లో ఐడా స్టోవర్‌ని చేసుకున్నాడు. ఆవిడదీ జర్మన్ వంశమే, వర్జీనియా నుంచి. ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. చిన్నప్పుడే తల్లి పోయింది. ఇరవై ఒకటో ఏట తండ్రి ఆస్తిలో వాటా చేతికొస్తే కాలేజీకి కట్టింది, మిగిలిన దాంట్లో పియానో కొనుక్కుంది! ఆ పియానో ఇప్పటికీ అబిలీన్ ఇంట్లో ఉంది. ఆ ఇల్లు మొత్తం వెయ్యి చదరపు అడుగులు కూడా ఉండదు. ఆరుగురు మగపిల్లలు, దాంట్లో పియానో ఒకటి.

నేను: డేవిడ్ ఏం చేశాడు?

పిన్ని: భూమి తనఖా పెట్టి హోప్ అనే చిన్న ఊళ్ళో కొట్టు పెట్టాడు. దివాలా తీసింది. భాగస్వామి డబ్బు ఎత్తుకుపోయాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు, పిల్లలు అదే నమ్మారు. తర్వాత చరిత్రకారులు కౌంటీ ఆఫీసులో తనఖా కాగితాలు తీసి చూస్తే, ఆ భాగస్వామి విడిపోయాక కూడా కొట్టు నడిచింది, డేవిడ్ తమ్ముడితో కలిసి. అప్పుడే మునిగింది. ఇంట్లో కథ ఒకటి, దస్తావేజు ఇంకోటి. నేనైతే ఇంటి కథని పారెయ్యను. దాన్ని పక్కన రాసి పెట్టుకుంటాను. ఎవరి మీద కోపమో అందులో తెలుస్తుంది.

తర్వాత టెక్సాస్‌లో డెనిసన్ అనే ఊళ్ళో రైల్వేలో చిన్న పని. మళ్ళీ అబిలీన్‌కి తెచ్చింది ఎవరనుకున్నావు? సంఘం. బెల్ స్ప్రింగ్స్ క్రీమరీ, అంటే వెన్న తీసే ఫ్యాక్టరీ, రివర్ బ్రెదరెన్ వాళ్ళదే. అక్కడ బావ ఫోర్‌మన్. ఆయన పిలిచి పని ఇచ్చాడు.

నేను: పిన్నీ, సమాధుల దగ్గర పిండి చల్లడం గురించి చెప్తానన్నావు.

పిన్ని: చల్లకూడదని చెప్తానన్నాను! రాతి మీద అక్షరాలు అరిగిపోతే కొందరు పిండో, షేవింగ్ క్రీమో రుద్ది ఫొటో తీస్తారు. రాయి పాడైపోతుంది. చేతి అద్దం ఒకటి పట్టుకెళ్ళు. ఎండని అద్దంతో పక్కవాటుగా రాతి మీద కొట్టు. అరిగిన అక్షరాల అంచుల్లో నీడ పడి, పేరు పైకి లేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు గుండె ఝల్లుమంది. జర్మన్ రాళ్ళ మీద పుట్టిన తేదీ చాలాసార్లు ఉండదు. పోయిన తేదీ, బతికిన ఏళ్ళు, నెలలు, రోజులు ఉంటాయి. 1861 మార్చి 4, వయసు 52 ఏళ్ళ 3 నెలల 11 రోజులు. నువ్వే వెనక్కి లెక్కేసుకోవాలి. 1808 నవంబరు 23. ఇంకోటి, ఆడవాళ్ళ రాళ్ళ మీద "గెబ్" అని చిన్న ముక్క ఉంటే వదలొద్దు. దాని వెనక తేదీ ఉంటే పుట్టిన రోజు, పేరు ఉంటే పుట్టింటి పేరు. ఓడ జాబితాలో దొరకని మనిషికి అక్కడ పుట్టింటి పేరుతో సహా దొరుకుతుంది.

నేను: ఇప్పటి మనవలు అవి చదవగలరా?

పిన్ని: ఎక్కడ? మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ మాట్లాడటమే నేరమైపోయింది. 1918లో అయోవా గవర్నరు ఇంగ్లీషు తప్ప వేరే భాష బయట గాని, చర్చిలో గాని, ఆఖరికి టెలిఫోనులో గాని మాట్లాడొద్దని ఆజ్ఞ ఇచ్చాడు. నెబ్రాస్కాలో జర్మన్‌టౌన్ అనే ఊరు పేరే మార్చుకుంది. తాతలు నోరు మూసుకున్నారు, పిల్లలకి రాలేదు. ఇప్పుడు వాళ్ళ మనవలు తాతమ్మ బైబిలు పట్టుకుని గుంటూరు ఆవిడ దగ్గరికి వస్తారు, ఇందులో ఏం రాసుందండీ అని.

నేను: ఆఖరుగా, ప్రెసిడెంటుగారి పుట్టిన ఊరి గొడవ.

పిన్ని: అది నాకు ప్రాణం. డ్వైట్ వెస్ట్ పాయింట్‌లో, అంటే అమెరికా సైనిక కాలేజీలో చేరినప్పుడు పుట్టిన ఊరు టైలర్, టెక్సాస్ అని రాశాడు. తప్పు! యుద్ధం రోజుల్లో డెనిసన్‌లో ఒక టీచరమ్మ, ఈ పేరుగల పిల్లాణ్ణి నేను ఎత్తుకున్నానే అని ఉత్తరం రాసింది. నాకు తెలిసి టైలరే, మా అమ్మని అడగండి అన్నాడాయన. ఐడా అవును, డెనిసనే అంది. పేరూ అంతే. పుట్టినప్పుడు డేవిడ్ డ్వైట్. తండ్రి కూడా డేవిడే కాబట్టి ఇంట్లో డ్వైట్ అని పిలిచి, చివరికి పేరే తిరగబడింది.

నేను: అంత పెద్ద మనిషికి తను ఎక్కడ పుట్టాడో తెలియదా!

పిన్ని: నువ్వు మరీ ఆశ్చర్యపోకు. నా సర్టిఫికెట్‌లో పుట్టిన తేదీ ఎంత?

నేను: జూలై 1.

పిన్ని: అది మా హెడ్మాస్టరుగారు పెట్టింది. ఆ ఏడు మా క్లాసులో సగం మందిది జూలై 1.

నేను: అసలుది ఎప్పుడు మరి?

పిన్ని: అట్లతద్దికి ముందు రోజు. అది మాత్రం ఖాయం, అమ్మ అట్లకి పిండి రుబ్బుతుంటే నొప్పులొచ్చాయట.

నేను: ఏ ఏడు?

పిన్ని: అక్కడే అమ్మకీ పెద్దమ్మకీ పడదు. పెద్దమ్మకి ఫోన్ చెయ్యి, రికార్డింగ్ ఆపకు.