యాంటీబయాటిక్ పడేలోపే కల్చర్‌కి రక్తం తీయాలి

నమస్కారం. జ్వరానికి టెస్టు చేయిస్తే 'నెగెటివ్' అని వచ్చింది. హమ్మయ్య, ఏమీ లేదు అనుకుంటాం. కానీ ఆ రిపోర్టు అంత పెద్ద మాట చెప్పడం లేదు. ఆ రోజు తీసిన ఆ శాంపిల్‌లో, ఆ పద్ధతిలో వెతికితే దొరకలేదు, అంతే.

డెంగీనే తీసుకోండి. వైరస్ తాలూకు ఎన్‌ఎస్‌1 ప్రోటీన్ ఎక్కువగా దొరికేది జ్వరం మొదలైన తొలి అయిదారు రోజుల్లో. దానితో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే ఐజీఎం యాంటీబాడీలేమో నాలుగైదు రోజులు దాటితే గానీ సరిగ్గా బయటపడవు. రెండో రోజున ఐజీఎం ఒక్కటే చూసి డెంగీ కాదంటే ఎలా? మలేరియా స్లైడూ అంతే. ఒకసారి కనపడకపోయినా, అనుమానం ఉంటే 12 నుంచి 24 గంటల తేడాతో మళ్లీ చూడాలి.

ఇవాళ ముఖ్యంగా చెప్పాలనుకున్నది బ్లడ్ కల్చర్ గురించి, అంటే రక్తాన్ని సీసాలో పోసి అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష. రక్తంలో ఏ బ్యాక్టీరియా ఉంది, దాని మీద ఏ మందు పనిచేస్తుంది అన్నది తేల్చేది ఇదే. పెద్దవాళ్లలో ఇన్ఫెక్షన్ ఉన్నా సరే, ఒక మిల్లీలీటరు రక్తంలో ఒక్క బ్యాక్టీరియా కూడా ఉండకపోవచ్చు. అందుకే సీసాకి 8 నుంచి 10 మిల్లీలీటర్లు పోయాలి. రెండు సీసాలు ఒక సెట్టు. వేర్వేరు చోట్ల నుంచి కనీసం రెండు సెట్లు తీయాలి. కాస్త రక్తం పోసి పంపేసి, 'ఏమీ పెరగలేదు' అంటే అందులో ఆశ్చర్యం ఏముంది?

సూది గుచ్చే ముందు చర్మానికి క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ రాశాక అది ఆరేదాకా ఆగాలి. చాలాచోట్ల ఆ కొద్ది సేపటికే ఓపిక ఉండదు. తుడిచిన చోటే నరం కోసం మళ్లీ వేలితో తడిమితే చేసిన పనంతా వృథా. చర్మం మీది స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా సీసాలోకి వెళ్లి పెరుగుతుంది, అది రక్తంలోదే అనుకుని రోగికి అక్కర్లేని వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కిస్తారు.

సీసాల్ని సుమారు 35 డిగ్రీల దగ్గర మెషీన్‌లో పెడతారు. బ్యాక్టీరియా పెరిగేకొద్దీ కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, సీసా అడుగున ఉన్న సెన్సర్ దాన్ని పట్టేస్తుంది. మెషీన్ మోగగానే గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడటం) చేసి వార్డుకి ఫోన్ చేస్తారు. సాధారణంగా 5 రోజులు చూశాకే నెగెటివ్ అంటారు.

ఇదంతా యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే జరగాలి. ఒక్క డోసు పడినా దొరికే అవకాశం తగ్గిపోతుంది. అలాగని సెప్టిక్ షాక్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయిన స్థితిలో, ఉన్న మనిషికి కల్చర్ కోసం మందు ఆపకూడదు. గంటలోపు మందు పడాల్సిందే. తెలిసిన చేతికి రక్తం తీయడం నిమిషాల పని, రెండూ కుదురుతాయి.

ఇక వైడల్. టైఫాయిడ్ కోసం రక్తంలో యాంటీబాడీలు చూసే 1896 నాటి పరీక్ష అది. పాత ఇన్ఫెక్షన్ వల్లా, వేరే బ్యాక్టీరియా వల్లా కూడా పాజిటివ్ వస్తుంది. ఒక్క వైడల్ చూసి టైఫాయిడ్ అని ముద్ర వేయడం తప్పని నేను గట్టిగా చెబుతాను. కల్చర్ కూడా టైఫాయిడ్‌ని దాదాపు సగం మందిలోనే పట్టుకుంటుంది, నిజమే. కానీ దొరికితే ఏ మందు వాడాలో చెబుతుంది.

డాక్టర్లకు ఒక విన్నపం. ల్యాబ్ ఫారంలో జ్వరం ఎన్నో రోజో, ఏ మందులు పడ్డాయో రాయండి. బ్రూసెల్లా అనుమానం ఉంటే తప్పకుండా రాయండి. బ్యాక్టీరియాను పెంచే ప్లేటు మూత తెరిచే టెక్నీషియన్‌కి గాలి ద్వారా అంటుకునే బ్యాక్టీరియా అది. ముందే తెలిస్తే ఆ పనంతా సేఫ్టీ క్యాబినెట్‌లో చేసుకుంటారు.