"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

అందరికీ నమస్కారం.

ఒకసారి మీ అరచేయి చూసుకోండి. జాతకం చెప్పనులెండి. బొటనవేలి కింద కండగా ఉండే చోటు చూడండి. కొందరికి అక్కడ నున్నగా ఉంటుంది. కొందరికి సన్నటి గీతలు లోతుగా, గజిబిజిగా ఉంటాయి. రెండో రకం వాళ్ళలో చాలామంది "డాక్టర్‌గారూ, నాది చిన్నప్పటినుంచీ పొడి చర్మమే" అంటారు. కొందరికి కాళ్ళ మీద చేప పొలుసుల్లా పొట్టు లేస్తుంది, ఇంకొందరికి జబ్బల మీద గరుకు పొక్కులుంటాయి. అప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటే: "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" ఎక్కువసార్లు జవాబు "అవునండీ, నాన్నకూ ఇంతే" అని వస్తుంది.

ఇలాంటి చర్మం వెనక తరచుగా కనిపించేది ఫిలాగ్రిన్ అనే జన్యువు. చర్మం పైపొర గట్టిగా, పగుళ్ళు లేకుండా ఉండడానికి కావలసిన ప్రోటీన్ దాని నుంచే తయారవుతుంది. తన పని అయిపోయాక ఆ ప్రోటీన్ ముక్కలై, నీటిని పట్టి ఉంచే పదార్థాలుగా మారుతుంది. అంటే మన ఒంట్లోనే తయారయ్యే మాయిశ్చరైజర్ అన్నమాట. ఈ జన్యువు దెబ్బతింటే చర్మం పొడిబారుతుందనీ, దురద పెట్టే ఎగ్జిమా అనే చర్మ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుందనీ 2006లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇర్విన్ మెక్లీన్ బృందం బయటపెట్టింది. యూరప్ మూలాలున్న వాళ్ళలో దాదాపు 10 శాతం మందిలో ఈ జన్యువుకుండే రెండు కాపీల్లో ఒకటి దెబ్బతిని ఉంటుంది. ఆసియా ప్రజల్లో కనిపించే మార్పులు చాలావరకు వేరు. మార్పు ఉన్నవాళ్ళందరికీ ఎగ్జిమా రాదు, ఎగ్జిమా ఉన్నవాళ్ళందరిలో ఈ మార్పూ ఉండదు.

అయితే పుట్టిన రోజు నుంచే పిల్లలకు మాయిశ్చరైజర్ రాస్తే ఎగ్జిమా రాకుండా ఆపొచ్చు కదా? మేమూ అలాగే ఆశపడ్డాం. బ్రిటన్‌లో దాదాపు 1,400 మంది పసిపిల్లలతో పెద్ద పరీక్షే చేశారు. 2020లో ఫలితం వచ్చింది: ఆగలేదు. వచ్చిన ఎగ్జిమాను అదుపులో ఉంచడానికి మాయిశ్చరైజర్ ఇప్పటికీ మొదటి మందే. పొడి చర్మం ఉన్నవాళ్ళు స్నానం కాగానే, ఒళ్ళు ఇంకా కాస్త తడిగా ఉండగానే, వాసన లేని క్రీమ్ రాసుకోవాలి. ఖరీదైనదే కానక్కర్లేదు.

ఇక మొటిమలు. "ముఖం సరిగ్గా కడుక్కోవు, అందుకే" అని ఇంట్లో తిట్లు తిన్నవాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉండాలి. బ్రిటన్‌లో కవలల మీద చేసిన ఒక అధ్యయనం 2002లో వచ్చింది. మొటిమల విషయంలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల్లో 81 శాతం జన్యువుల వల్లేనని అది తేల్చింది. ఈ అంకెను చాలామంది తప్పుగా చదువుతారు. మీ ముఖం మీదున్న 100 మొటిమల్లో 81 నాన్నవి, మిగతా 19 మీవి అని కాదు! జనంలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఎందుకొస్తున్నాయన్న లెక్క అది. వంశంలో ఉంది కాబట్టి మందు పనిచేయదని కూడా కాదు. బెంజాయిల్ పెరాక్సైడ్, రెటినాయిడ్ క్రీములు బాగానే పనిచేస్తాయి. గట్టిగా రుద్ది కడగడం వల్ల మాత్రం మంట పెరుగుతుంది తప్ప ఒక్క మొటిమా తగ్గదు. అమ్మకో నాన్నకో మొటిమలు గుంటలు పడి ఉంటే, పిల్లలకు మొదలవగానే చూపించండి. పెద్దయ్యాక వాటంతట అవే పోతాయని ఆగొద్దు.

రంగు సంగతి చెప్పకపోతే మీరు నన్ను దిగనివ్వరు. రంగు కణాల సంఖ్య నల్లటివాళ్ళలోనూ తెల్లటివాళ్ళలోనూ ఇంచుమించు ఒకటే. ఆ కణాలు తయారుచేసే మెలనిన్ ఎంత, ఏ రకం, ఎలా పరుచుకుంటుంది అన్నదే తేడా. 2005లో జీబ్రాఫిష్ అనే చిన్న చేప మీద పరిశోధన చేస్తూ, మనుషుల రంగులో పెద్ద పాత్ర ఉన్న ఒక జన్యువును పట్టుకున్నారు. 2023లో మెలనిన్ తయారీని ప్రభావితం చేసే జన్యువులు 169 అని ఇంకో బృందం లెక్క తేల్చింది. ఇన్ని కలిసి నిర్ణయించిన మేనిచాయను ఒక ట్యూబు ఆరు వారాల్లో మార్చేస్తుందంటే నేను నమ్మను. నిజంగానే మార్చిందా, అప్పుడు ఇంకా భయపడాలి. అందులో స్టెరాయిడో పాదరసమో ఉండొచ్చు. పాదరసం మెలనిన్ తయారీని అడ్డుకునే మాట నిజమే, కిడ్నీలను పాడుచేసే మాటా నిజమే.

చామనచాయ, నల్లటి చర్మం ఉన్నవాళ్ళు ఎండకు త్వరగా కమిలిపోరు. కానీ మంగు మచ్చలు, మొటిమ మానాక మిగిలే నల్ల మచ్చలు వీళ్ళకే ఎక్కువ. మామూలు వెలుతురు కూడా ఆ మచ్చలను ముదురు చేయగలదు. అందుకే వీళ్ళకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన, కాస్త రంగున్న సన్‌స్క్రీన్ మేలు.

2012లో ఒక వైద్య పత్రికలో వచ్చిన ఫొటో నాకెప్పుడూ గుర్తుంటుంది. 69 ఏళ్ళ మనిషి, 28 ఏళ్ళు ట్రక్కు నడిపాడు. కిటికీ వైపు ఉన్న ఎడమ చెంప ముడతలు పడి, మందమై, వేలాడుతోంది. కుడి చెంప పదిహేనిరవై ఏళ్ళు చిన్నవాడిదిలా ఉంది. రెండు చెంపలకూ జన్యువులు అవే కదా! కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలోని అతినీలలోహిత కిరణాలు చేసిన పని అది.

మొన్న ఒకావిడ డీఎన్ఏ స్కిన్ రిపోర్టు పట్టుకొచ్చారు, ఇరవై పేజీలు. మూడో పేజీలో "మొటిమల రిస్కు: ఎక్కువ" అని ఉంది. ఆవిడ ముఖం నిండా మొటిమలే. అద్దం ఊరికే చెప్పే మాటకు అంత డబ్బు పోశారు పాపం. ఒకే జన్యువు చెడి వచ్చే అరుదైన చర్మ జబ్బులకు జన్యు పరీక్ష చాలా విలువైనది, కాదనను. ఏ సీరమ్ కొనాలో చెప్పేంత ఆధారం మాత్రం దానికి ఇంకా లేదు.

ఇక మీ ప్రశ్నలు. ఫలానా క్రీమ్ మంచిదేనా అని అడగబోయేవాళ్ళు, ముందు మీ అమ్మగారి చర్మం ఎలా ఉంటుందో చెప్పండి.